కప్పడోసియా గుహ ఇళ్లు, టర్కీ పల్లెల్లో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

టర్కీ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను రెండుసార్లు వెళ్లాను. ఒకసారి మంచు పడే జనవరిలో ఒక్కదాన్నే, ఇంకోసారి సెప్టెంబరు చివర్లో మా అమ్మతో. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. టికెట్ ధరలు తరచూ మారిపోతుంటాయి కాబట్టి రాయలేదు.

## బయలుదేరే ముందు

ఇస్తాంబుల్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

విమానంలో వెళ్తే వీలవుతుంది గానీ, నేనైతే వద్దంటాను. కప్పడోసియా టర్కీ మధ్యలో, ఇస్తాంబుల్‌కి 700 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. విమానం గంటా పావు. దిగేది కైసేరిలో గానీ నెవ్‌షెహిర్‌లో గానీ. కైసేరి నుంచి గోరెమె ఊరికి మరో గంట పైనే పడుతుంది. రాత్రి బస్సు అయితే 10 నుంచి 12 గంటలు. పొద్దున విమానంలో వచ్చి రాత్రి విమానానికి వెళ్లిపోయేవాళ్లకి రాళ్లు కనిపిస్తాయి, పల్లె కనిపించదు. ముందు రోజు సాయంత్రానికే చేరి, మర్నాడు పూర్తిగా తిరిగి, రెండో రాత్రి కూడా అక్కడే పడుకోండి. అప్పుడే దాన్ని ఒక రోజు అనొచ్చు.

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా ఎలా?

మామూలుగా స్టిక్కర్ వీసా తీసుకోవాలి. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ చెల్లుబాటులో ఉంటే ఆన్‌లైన్‌లో ఈ-వీసా దొరుకుతుంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి విమాన టికెట్ కొనే ముందు టర్కీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఒకసారి చూసుకోండి. ఫీజు ఎక్కువ గుంజే నకలు సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు. ఆ ప్రాంతం సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. వేసవిలో పగలు ఎండ మండుతుంది, రాత్రి మాత్రం చల్లబడుతుంది. చలికాలంలో మంచు పడుతుంది. పల్లె జీవితం చూడాలంటే నా ఓటు సెప్టెంబరు నెలాఖరుకే. అప్పుడు ద్రాక్ష కోతలు జరుగుతుంటాయి, ప్రతి ఇంటి ముందూ ఏదో ఒకటి ఎండుతుంటుంది.

గ్రీన్ టూర్, రెడ్ టూర్ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

అవి అక్కడి ఏజెన్సీలన్నీ వాడే పేర్లు. రెడ్ అంటే దగ్గర్లోవి: గోరెమె మ్యూజియం, ఉచ్‌హిసార్ కోట, పాషాబా, అవనోస్. గ్రీన్ అంటే దూరంవి: భూగర్భ నగరం, ఇహ్లారా లోయ, సెలిమె మఠం. కారు లేనివాళ్లకి గ్రీన్ టూర్ పనికొస్తుంది, ఎందుకంటే ఇహ్లారాకి బస్సుల్లో వెళ్లి రావడం కష్టం. రెడ్ టూర్‌లో ఉన్నవన్నీ దొల్ముష్ అనే చిన్న బస్సుల్లోనో టాక్సీలోనో మీ అంతట మీరే చూసుకోవచ్చు.

ఒక్కటి మాత్రం ముందే అడగండి: మధ్యలో ఎన్ని షాపులకి తీసుకెళ్తారని. మొదటిసారి నేనెక్కిన టూర్ వ్యాన్ ఒక నగల దుకాణంలో, ఒక తివాచీల దుకాణంలో కలిపి గంటన్నర ఆపేసింది. ఆ ఆలస్యానికి గుహల దగ్గర ఇరవై నిమిషాల్లో రమ్మని తొందరపెట్టారు. ఎంత బాధనిపించిందో. రెండోసారి అమ్మతో వెళ్లినప్పుడు పూటకి టాక్సీ మాట్లాడుకున్నాను. డబ్బు ఎక్కువైనా ఆ రోజంతా మా చేతిలో ఉంది.

బెలూన్ ఎక్కకపోతే వెళ్లడం దండగేనా?

కానే కాదు. మనుషుల్ని ఎక్కించుకుని లోయల మీద ఎగిరే ఆ వేడిగాలి బెలూన్లు సూర్యోదయానికి ముందు లేస్తాయి. గాలి ఎక్కువుంటే అధికారులు ఆ రోజుకి అన్నిటినీ ఆపేస్తారు, మీ డబ్బు మీకు తిరిగొస్తుంది. దాని మీదే ఆశ పెట్టుకుని ఒక్క రాత్రికే వెళ్లినవాళ్లు చాలామంది నిరాశపడతారు. కింద నిలబడి చూసినా అందంగానే ఉంటుంది. ఎక్కాలనుకుంటే మాత్రం మొదటి రోజుకే బుక్ చేయండి, రద్దయితే రెండో రోజు మిగులుతుంది.

## పొద్దున: గుహ ఇళ్ల దగ్గర

ఈ గుహలు వాటంతట అవే ఏర్పడ్డాయా, మనుషులు తవ్వారా?

రాయిని ప్రకృతి ఇచ్చింది, ఇంటిని మనిషి తొలిచాడు. లక్షల ఏళ్ల కిందట ఎర్జియస్, హసన్ లాంటి అగ్నిపర్వతాలు వెళ్లగక్కిన బూడిద పొరలు పొరలుగా పడి, గట్టిపడి మెత్తని రాయిగా మారింది. పైన అక్కడక్కడా గట్టి రాయి టోపీలా మిగిలింది. వానకి, గాలికి చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోయి, టోపీ కింద ఉన్నది మాత్రం స్తంభంలా నిలబడింది. వాటినే టర్కీ వాళ్లు పెరి బాజాసి అంటారు, అంటే పరి పొగగొట్టాలు. పరి అంటే మన కథల్లో దేవకన్య లాంటిదే.

ఈ రాయి తొలిచేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుంది. అందుకే చిన్న ఉలితో కూడా గది తొలిచేయగలిగారు. ఇల్లు కట్టి చూడు అని మనం అంటాం. అక్కడివాళ్లు ఇల్లు కట్టలేదు, తవ్వుకున్నారు. చెట్లు తక్కువున్న ఆ నేల మీద దూలాలకి కలప వెతుక్కునేకన్నా అదే తేలిక. కుటుంబం పెరిగితే పక్కనే ఇంకో గది తొలిచేవారు.

పేరుకి పురాతనం అంటారు గానీ, అసలు ఎప్పటిదాకా మనుషులున్నారు?

నిన్న మొన్నటిదాకా. నాకు అన్నిటికన్నా మనసుకి పట్టిన విషయం ఇదే. జెల్వె అనే లోయలో 1952 వరకు ఊరు ఊరంతా గుహల్లోనే ఉంది. కొండ పెళ్లలు విరిగిపడుతుండటంతో ప్రమాదమని చెప్పి ప్రభుత్వం వాళ్లని దగ్గర్లోనే కొత్త ఊరు కట్టి తరలించింది. ఖాళీ అయిన జెల్వె 1967లో మ్యూజియం అయింది. లోపల చర్చిలున్నాయి, రాతిలో తొలిచిన చిన్న మసీదుంది, పిండి విసిరే రాయి కూడా ఉంది. చావుషిన్ ఊరిలోనూ పాత ఇళ్ల కొండ విరిగిపడ్డాక జనం కిందికి దిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు.

అంటే ఇవాళ అరవై, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి మీకు అక్కడ ఎదురైతే, ఆయన అమ్మానాన్నలు గుహలోనే కాపురం చేసి ఉండవచ్చు. మన తాతలు పూరింట్లో పుట్టినట్టే అది. ఆ మాట గుర్తుపెట్టుకుని లోపలికి అడుగు పెడితే, చూసే చూపే మారిపోతుంది.

గుహ ఇంట్లోకి వెళ్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏ గది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

ముందు నేల చూడండి, తర్వాత గోడ, చివరికి కప్పు.

నేల మీద గుండ్రటి గొయ్యి, దాని అడుగుకి పక్కనుంచి వచ్చే సన్నని గాలి దారి ఉంటే అది తందిర్, మన తందూరీ పొయ్యి లాంటిదే. రొట్టె దాని లోపలి గోడకి కొట్టి కాల్చేవారు. చలికాలంలో నిప్పులు కనకనలాడుతుండగా పైన బల్ల వేసి, దుప్పటి కప్పి, చుట్టూ కాళ్లు చాపుకుని కూర్చునేవారు. వంటా, వెచ్చదనం రెండూ ఒకే గొయ్యిలో. కప్పు నల్లగా మసి పట్టి ఉంటే వంటగది అని ఖాయం చేసుకోవచ్చు.

గోడకి నడుం ఎత్తులో తొట్టిలా తొలిచి, దాని అంచున పలుపు కట్టడానికి చిల్లు ఉంటే అది పశువుల కొట్టం, ఆ తొట్టి గాడి. నేలలో మూతికన్నా అడుగు వెడల్పుగా ఉండే గుంతలు కనబడితే అవి ధాన్యమో ద్రాక్షరసమో దాచినవి. మన పల్లెల్లో వడ్లు దాచే పాతర గుర్తొస్తుంది. గోడల్లో చిన్న చిన్న గూళ్లు దీపాలకి.

జెల్వెలో ఒక గదిలో గాడి చిల్లు దగ్గర వేలు పెట్టి చూశాను. పలుపు రాసుకుని రాసుకుని ఆ అంచు గాజులా నున్నగా అరిగిపోయి ఉంది. ఎన్ని ఏళ్లు ఎన్ని పశువులు మెడ లాగితే రాయి అలా అరుగుతుందో!

కొండల్లో ఎత్తుగా ఆ చిన్న చిన్న కిటికీలేంటి? మనుషులు అక్కడికెలా ఎక్కేవారు?

అవి పావురాల గూళ్లు. లోపల గది తొలిచి, గోడ నిండా గూళ్లు చేసి, ముందువైపు మూసేసి, పావురం దూరేంత కంతలు మాత్రం వదిలారు. వాటి చుట్టూ సున్నం వేసి ఎర్ర రంగుతో ముగ్గుల్లాంటి బొమ్మలు గీసేవారు. పావురాలని పెంచింది ఎక్కువగా రెట్ట కోసం. ఏడాదికోసారి గది తెరిచి ఎత్తుకెళ్లి ద్రాక్షతోటలకి ఎరువుగా వేసేవారు. ఉచ్‌హిసార్ నుంచి గోరెమె దాకా ఉన్న పావురాల లోయలో నడిస్తే ఇవి వరసగా కనిపిస్తాయి. సుమారు 4 కిలోమీటర్ల నడక.

గోరెమె మ్యూజియంలో ఏవి తప్పక చూడాలి? బొమ్మల కళ్లు గీకేసి ఉన్నాయేం?

ఆ మ్యూజియం అంటే కొండల్లో తొలిచిన పాత చర్చిలే, వాటి గోడల మీద రంగు బొమ్మలుంటాయి. సమయం తక్కువుంటే రెండు చాలు: తోకలి చర్చి, కరాన్‌లిక్ చర్చి. కరాన్‌లిక్ అంటే చీకటి. చిన్న కంతలోంచి తప్ప వెలుతురు రాదు కాబట్టే అందులో నీలం, ఎరుపు రంగులు దాదాపు వెయ్యేళ్లైనా నిలిచాయి. దానికి వేరే టికెట్, కానీ కొనండి. తోకలి చర్చి గేటు బయట రోడ్డుకి అవతల ఉంటుంది. చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. మ్యూజియం టికెట్‌తోనే వెళ్లొచ్చు, పారేయకుండా దాచుకోండి.

కళ్లు, ముఖాలు గీకినవి తర్వాతి కాలంలో. ముఖం ఉన్న బొమ్మ కూడదనే నమ్మకంతో కొన్ని, ఆకతాయితనంతో మరికొన్ని పోయాయి. పేర్లు చెక్కిపోయినవాళ్లూ ఉన్నారు. ఉండవల్లి గుహల గోడల మీద పేర్లు చూసి బాధపడినవాళ్లకి ఆ నొప్పి తెలుస్తుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. గోరెమె లోయనీ, చుట్టుపక్కల రాతి కట్టడాలనీ యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

## నేల కింద

దెరిన్‌కుయు చూడాలా, కైమాక్లి చూడాలా?

రెండూ నేల కింద తవ్విన నగరాలే, ఒక్కటి చాలు. దెరిన్‌కుయు లోతు ఎక్కువ, సుమారు 85 మీటర్లు. ఆ పేరుకి అర్థం కూడా లోతు బావి అనే. కైమాక్లి అంత లోతు కాదు, గదులు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. దాని దారులు మాత్రం ఇంకా ఇరుకు. లోతు దిగిన అనుభవం కావాలంటే దెరిన్‌కుయు, మెట్లు తక్కువుండాలంటే కైమాక్లి. రెండూ నెవ్‌షెహిర్ నుంచి దక్షిణానికి పోయే ఒకే రోడ్డు మీద ఉన్నాయి, దొల్ముష్‌లు తిరుగుతాయి.

లోపల ఊపిరాడదేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మానాన్నలని తీసుకెళ్లొచ్చా?

గాలికి ఇబ్బంది లేదు. పై నుంచి కిందిదాకా నిలువునా తవ్విన గాలి గొట్టాలున్నాయి. వాటి దగ్గర నిలబడితే చల్లటి గాలి ముఖానికి తగులుతుంది. లోపల ఏడాది పొడుగునా 13 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, చిన్న స్వెటర్ ఉంచుకోండి. అసలు ఇబ్బంది నడుముకీ మోకాళ్లకీ. కొన్ని దారుల్లో బాగా వంగి, మెట్ల మీద మెట్లు దిగాలి. ఎదురుగా గుంపు వస్తే ఆగాలి. మోకాళ్ల నొప్పులు, ఆస్తమా, గుండె జబ్బు, ఇరుకు చోటంటే భయం ఉన్నవాళ్లని పట్టుబట్టి దించొద్దు.

మా అమ్మ మొదటి అంతస్తు చూసి, చాలమ్మా అని పైకి వచ్చేసింది. నేను తిరిగొచ్చేసరికి బయట గుడ్డ బొమ్మలు అమ్ముకునే ఒక పెద్దావిడ పక్కన స్టూల్ మీద కూర్చుని ఉంది. ఆవిడ అమ్మ చేతి గాజులు తిప్పి తిప్పి చూస్తోంది, అమ్మ ఆవిడ తలగుడ్డ అంచున అల్లిన చిన్న చిన్న దారపు పూలు చూస్తోంది. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. మా ప్రయాణంలో అమ్మ ఇప్పటికీ చెప్పుకునేది ఆ అరగంట గురించే.

20 వేల మంది నేల కిందే బతికేవారట, నిజమేనా?

ఆ సంఖ్య గైడ్లందరూ చెప్పే అంచనా, లెక్కపెట్టి తేల్చింది కాదు. ఇంకో సంగతి, అక్కడ ఎప్పుడూ కాపురం ఉండేవారు కాదు. పైన ఊరు, పొలం ఉండేవి. శత్రువులు వస్తే పశువులతో సహా కిందికి దిగి కొన్నాళ్లు దాక్కునేవారు. పశువుల కొట్టాలు మొదటి అంతస్తులోనే ఉండటానికి కారణమదే, వాటిని అంతకన్నా కిందికి దించడం కష్టం. మొదటి గదులు క్రీస్తుకు ముందే తవ్వారని ఒక వాదన. బాగా పెంచింది మాత్రం బైజాంటిన్ అనే క్రైస్తవ సామ్రాజ్యం కాలంలో, 7వ శతాబ్దం తర్వాత అరబ్బుల దాడులప్పుడు.

దారి మధ్యలో తిరగలి రాయి ఆకారంలో పెద్ద రాతి తలుపులు కనిపిస్తాయి. లోపలి నుంచి దొర్లించి మూయడమే తప్ప బయటి నుంచి తెరవడం కుదరదు. మధ్యలో ఉన్న కంతలోంచి బయటి మనిషిని చూడొచ్చు, బల్లెంతో పొడవొచ్చు. ఆ భయం చాలా దగ్గరి కాలం దాకా ఉంది. 1909లో దక్షిణాన ఉన్న అదానా నగరంలో ఆర్మేనియన్ క్రైస్తవుల ఊచకోత వార్త రాగానే, ఈ ప్రాంతంలో ఒక గ్రీకు క్రైస్తవుల పల్లె జనం కొన్ని రాత్రులు నేల కింద గదుల్లోనే పడుకున్నారని అప్పట్లో అక్కడ తిరిగిన ఒక భాషా పరిశోధకుడు రాసిపెట్టాడు.

## మధ్యాహ్నం: పల్లెలో

టూరిస్టులు లేని పల్లె ఏదైనా చెప్పండి.

పూర్తిగా లేనిది దగ్గర్లో దొరకడం కష్టం. తక్కువుండేవి ఒర్తాహిసార్, ముస్తఫాపాషా. నాకు ఒర్తాహిసార్ ఇష్టం, ఎందుకంటే అక్కడ గుహలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. మధ్యధరా తీరం నుంచి లారీల్లో వచ్చే నిమ్మకాయలని, బత్తాయిలని కొండ లోపల తవ్విన గిడ్డంగుల్లో నెలల తరబడి నిల్వ చేస్తారు. కరెంటు ఖర్చు లేని కోల్డ్ స్టోరేజీ అది. లోయ అంచున నడుస్తుంటే ఎక్కడో మూసిన తలుపు సందులోంచి నిమ్మకాయల వాసన వస్తుంది.

ఎవరైనా ఇంటికి పిలిస్తే వెళ్లొచ్చా? ఏం తీసుకెళ్లాలి?

పల్లెలో టీకి పిలవడం మామూలే. కుటుంబం ఉన్న ఇల్లయితే నిశ్చింతగా వెళ్లండి. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు, పిలిచింది మగవాళ్లొక్కరే అయితే నవ్వుతూ వద్దనేయండి. చేతిని గుండెకి ఆనించి కొంచెం తల వంచితే మర్యాదగా వద్దన్నట్టే.

గుమ్మం బయటే చెప్పులు విడవాలి, మనలాగే. ఇంట్లో వేసుకోవడానికి వాళ్లే చెప్పులిస్తారు. కూర్చున్నాక చేతుల్లో నిమ్మ వాసన వచ్చే కొలోన్యా పోస్తారు. పన్నీరు చల్లినట్టే అనుకోండి. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకుని, రుద్దుకోవాలి. తర్వాత టీ. నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులో, పాలు లేకుండా, చక్కెర పక్కన. గ్లాసు ఖాళీ అయితే మళ్లీ నింపుతూనే ఉంటారు. చాలు అనిపించినప్పుడు చెంచా గ్లాసు మీద అడ్డంగా పెట్టండి.

డబ్బివ్వబోకండి, బాధపడతారు. ఊళ్లోని స్వీట్ షాపులో ఒక డబ్బా కట్టించుకుని వెళ్లండి. పిల్లలుంటే, ముద్దుగా ఉన్నారని మెచ్చుకునే ముందు మాషల్లా అనండి. దిష్టి వాళ్లకీ ఉంది. ప్రతి గుమ్మానికీ వేలాడే నీలి గాజు కన్ను అందుకే.

టర్కిష్ రాదు, పల్లెలో ఇంగ్లిష్ రాదు. ఎలా మాట్లాడాలి?

మూడు నాలుగు మాటలు చాలు. అన్నిటికన్నా విలువైనది కొలాయ్ గెల్సిన్. పనిలో ఉన్న మనిషిని చూసి, నీ పని సులువుగా సాగాలి అని చెప్పే మాట. పొలంలో, కొట్లో, రొట్టెలు చేసే చోట ఎక్కడన్నా సరే ముఖం విచ్చుకుంటుంది. తిన్నాక వండినవాళ్లతో ఎలినిజె సాలిక్ అనాలి, మీ చేతులు చల్లగుండాలి అన్నట్టు. థాంక్స్‌కి తెషెక్కుర్లెర్.

వరసలు కలిపి పిలవడం వాళ్లకీ అలవాటే. పెద్దావిడని తేయ్‌జె అంటే పిన్ని, పెద్దాయన్ని అమ్జా అంటే బాబాయి, కొంచెం పెద్దయిన అమ్మాయిని అబ్లా అంటే అక్క, అబ్బాయిని ఆబి అంటే అన్న. సర్, మేడమ్ అన్నదానికన్నా ఈ పిలుపులకి పలికే తీరు వేరు. దుక్కాన్, మైదాన్, కలెమ్, చాయ్ లాంటి మాటలు వింటే మనకే అర్థమైపోతాయి. కాదు అనడానికి వాళ్లు కనుబొమలు పైకెత్తి త్చ్ అంటారు. అది విసుగు కాదు, ఉత్త కాదు అంతే.

శాకాహారులం. పస్తులుండాల్సిందేనా?

లేదు, కానీ అడిగి తినాలి. ఎత్సిజ్ అంటే మాంసం లేకుండా అని. అయితే ఎర్ర కందిపప్పు సూపు, గోధుమరవ్వ అన్నం మాంసం ఉడికించిన నీళ్లతో చేసే ఇళ్లున్నాయి, కాబట్టి ఎత్ సుయు వార్ మి అని కూడా అడగండి. కొందరికి కోడి మాంసం లెక్కలోకి రాదు, దాన్ని విడిగా చెప్పాలి.

దిగుల్లేకుండా తినగలిగేది గొజ్లెమె. మన అప్పడాల కర్రకన్నా సన్నగా, పొడుగ్గా ఉండే కర్రతో పిండిని కాగితంలా ఒత్తి, పాలకూరో జున్నులాంటి చీజో బంగాళాదుంపో పెట్టి మడిచి, పెద్ద పెనం మీద కాలుస్తారు. పక్కన ఐరాన్, అంటే ఉప్పు మజ్జిగ. పొద్దున టిఫిన్ అయితే ఆలివ్‌లు, టమాటా, దోసకాయ, తేనె, రొట్టెలతో బల్ల నిండిపోతుంది. కారం మాత్రం మన నోటికి చాలదు. మా అమ్మ సంచిలో ఉన్న కందిపొడి రెండు పూటలా ఆదుకుంది.

సెప్టెంబరులో ఇళ్ల ముందు పెద్ద గుండిగల్లో ఏం మరగబెడుతుంటారు?

పెక్‌మెజ్, ద్రాక్ష పాకం. ద్రాక్షలు తొక్కి రసం తీసి, అందులో ఒక రకం తెల్ల మట్టి కలుపుతారు. ఆ మట్టి రసంలోని పులుపుని విరిచి, మడ్డిని అడుగుకి దించుతుంది. పైన తేరిన రసాన్ని గంటల తరబడి కాస్తారు. చెరుకు బెల్లం వండే చోట పెరిగినవాళ్లకి ఆ పొగ, ఆ నురగ, ఆ తీపి వాసన కొత్త కాదు. అదే పాకానికి పిండి కలిపి ఆరబెట్టి కోఫ్‌తుర్ అనే మిఠాయి చేస్తారు. చూడ్డానికి మన తాండ్రలా ఉంటుంది. ఈ ప్రాంతం దాటితే సులువుగా దొరకదు, రుచి చూసి రండి.

ఊరి మధ్య టీ కొట్టులో అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు కూర్చోవచ్చా?

తిట్టరు, తరమరు. కానీ పల్లెల్లో అది మగవాళ్లు కాలక్షేపం చేసే చోటు. పేకముక్కలకి బదులు బిళ్లలతో ఓకెయ్ ఆడుతుంటారు, రమ్మీ తెలిస్తే చూడగానే అర్థమవుతుంది. ఆడవాళ్లు ఊరి వాళ్ల ఫోటోలు తీయాలంటే రొట్టెలు కాల్చే చోటో, ఇళ్ల ముందు అరుగులో మేలు. అక్కడా అడిగే తీయండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు చాలు. మసీదులోకి వెళ్తే ఆడవాళ్లు తల కప్పుకోవాలి. చున్నీ సరిపోతుంది.

అవనోస్‌లో కుండలు కొనొచ్చా?

కొనకపోయినా వెళ్లి చూడండి. టర్కీలోకెల్లా పొడవైన కిజిలిర్మాక్ నది ఆ ఊరి మీదుగా పారుతుంది. పేరుకి అర్థం ఎర్ర నది. ఆ నది ఎర్రమట్టితోనే కుండలు చేస్తారు. కాలితో తన్ని తిప్పే సారె మీద మిమ్మల్నీ కూర్చోబెడతారు. చిన్నవి కొంటే చేతి సంచిలో బట్టల మధ్య చుట్టి తెచ్చుకోండి. తివాచీ అయితే ఆ రోజే కొనకండి, ధర విని ఒక రాత్రి ఆలోచించుకోండి.

## సాయంత్రం, రాత్రి

కేవ్ హోటల్ అంటే నిజంగా గుహేనా?

కొన్ని నిజంగానే పాత గుహ ఇళ్లు. కొన్ని అదే రాయిని కోసి కట్టిన గదులు. బుక్ చేసేటప్పుడు గది కొండలో తొలిచిందా, కట్టిందా, కిటికీ ఉందా అని అడగండి. తొలిచిన గదిలో వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది గానీ, కొన్నిటిలో చెమ్మ వాసన ఉంటుంది. దుప్పటి మీద సన్నటి రాతి పొడి రాలడం సహజం. ఫోన్ సిగ్నల్ లోపలికి రాకపోవచ్చు.

ఊళ్లలో ఇన్ని చర్చిలున్నాయి, క్రైస్తవులు ఒక్కరూ కనిపించరేం?

1923లో టర్కీ, గ్రీసు దేశాలు జనాన్ని మార్చుకోవడానికి ఒప్పందం చేసుకున్నాయి. అనటోలియాలోని, అంటే టర్కీలో ఆసియా వైపున్న భాగంలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకి, గ్రీసులోని ముస్లింలు టర్కీకి. రెండు వైపులా కలిపి పది లక్షలకు పైగా మనుషులు ఊళ్లు విడిచారు. లెక్క భాషని బట్టి కాదు, మతాన్ని బట్టి. ఈ ప్రాంతపు క్రైస్తవుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడింది టర్కిషే, దాన్ని గ్రీకు అక్షరాల్లో రాసుకునేవారు. తెలియని దేశానికి, తెలియని భాషలోకి వెళ్లారు. అటు నుంచి వచ్చిన ముస్లింలలోనూ టర్కిష్ రానివాళ్లున్నారు.

ముస్తఫాపాషాకి అప్పటి పేరు సినసోస్. సాయంత్రం ఎండ పడేటప్పుడు ఆ వీధుల్లో నడవండి. రాతి గుమ్మాల మీద ద్రాక్ష గుత్తులు చెక్కి ఉంటాయి. కొన్నిటి మీద గ్రీకు అక్షరాలు, ఇల్లు కట్టిన సంవత్సరం ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. గుమ్మం లోపల టర్కిష్ కుటుంబం భోజనానికి కూర్చుని ఉంటుంది.

గుర్తుగా అక్కడి రాయి ముక్క ఒకటి తెచ్చుకోవచ్చా?

వద్దు. టర్కీ నుంచి పురాతన వస్తువులు బయటికి తీసుకెళ్లడం నేరం. చెక్కిన రాయి, పాత పెంకు, నాణెం లాంటివి సంచిలో దొరికితే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. ఎవరైనా పల్లెలో పాత నాణెమని చూపించి అమ్మబోయినా కొనకండి. నెవ్‌షెహిర్ చుట్టుపక్కల పండే గుమ్మడి గింజలు వేయించినవి, ఎండు ఆప్రికాట్లు, ఒక సీసా పెక్‌మెజ్ తెచ్చుకోండి. సీసాని మాత్రం చెక్-ఇన్ సంచిలో పెట్టండి, చేతి సంచిలో అయితే వదలరు.